చదివింపుల పుస్తకంలో చోటు లేని పెళ్ళి

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా, పదవీ విరమణ చేసిన ఒక సబ్ రిజిస్ట్రారు చేసిన ప్రసంగానికి పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయాధికారి గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, గోడవారన నిలబడి వింటున్న డిగ్రీ విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

'ప్రేమ వివాహాలు, కుటుంబ విలువలు' అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఈ అంశం మీద మన ప్రాంతంలో సాధారణంగా రెండు రకాల ఉపన్యాసాలు వినిపిస్తాయి. ఒకటి పిల్లలకు బుద్ధి చెప్పేది, రెండోది పెద్దలను నిందించేది. రెండింటికీ చప్పట్లు బాగానే పడతాయి. నేను ఉపన్యాసకుణ్ణి కాను; ఉద్యోగ జీవితమంతా దస్తావేజులు చదివినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే, అంటే కాగితాల మీదుగానే, ఈ విషయంలోకి వస్తాను.

ప్రేమ పెళ్ళి అనగానే మనకు ముందు కులం గుర్తుకు వస్తుంది. రావాలి కూడా. ఈ దేశంలో ఇష్టపడి పెళ్ళి చేసుకున్నందుకు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న చోట చాలావరకు కారణం అదే. దాని మీద మాట్లాడేవారు, పోరాడేవారు ఉన్నారు, ఇంకా ఉండాలి. అయితే ఒకే కులంలో, ఒకే వీధిలో, ఒకే గుడికి వెళ్ళే రెండు ఇళ్ళ మధ్య కూడా ఒక అడ్డుగోడ ఉంది. పది ఎకరాలున్న ఇంటికీ, అదే పొలాన్ని కౌలుకు చేసే ఇంటికీ మధ్య, రొయ్యల చెరువు యజమానికీ ఆ చెరువు గట్టు మీద కాపలా పడుకునే మనిషికీ మధ్య, కొబ్బరి తోట ఆసామికీ ఆ తోటలో దింపు తీసే కార్మికుడికీ మధ్య ఉన్న గోడ అది. 'కులం ఒకటే కదా, ఇంకేమిటి అభ్యంతరం?' అని బయటివారు అడుగుతారు. లోపలివారు సమాధానం చెప్పరు. ఆ చెప్పని సమాధానం గురించే ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నాను.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అమ్మకాలు, భాగపంపకాలు, వీలునామాలు రిజిస్టరు అవుతాయని మీకందరికీ తెలుసు. అదే కుర్చీలో కూర్చునే ఉద్యోగి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద వివాహాధికారి కూడా అన్న సంగతి అవసరం పడినవారికే తెలుస్తుంది. ఒకే బల్ల మీద పొలమూ పెళ్ళీ రెండూ రాయించుకుంటారన్నమాట. ఆ బల్ల ఇవతల అన్నేళ్ళు కూర్చున్నాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. మనం 'పరువు' అని పిలుచుకునేదానిలో సగానికి పైగా లెక్కలే. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి, ఎవరు ఎవరి ముందు కూర్చోవచ్చు అనే లెక్కలు. ప్రేమించిన పిల్లలు తల్లిదండ్రుల మనసు నొప్పించారని అంటాం. నొప్పించిన మాట నిజమే, కాని అంతకంటే ముందు వారు ఒక లెక్కల పుస్తకాన్ని తలకిందులు చేస్తారు.

ఆ పుస్తకం ఏమిటో చెబుతాను. మన డెల్టాలో పెళ్ళికి వెళ్ళినవారందరూ చూసిందే. మండపం ద్వారం పక్కన ఒక బల్ల, దాని వెనుక చేతిరాత బాగున్నవారు ఒకరు, డబ్బు లెక్క పెట్టేవారు ఒకరు. నాలుగు మూలలా పసుపు రాసిన పొడవాటి పుస్తకం. ఫలానా గ్రామ వాస్తవ్యులు ఫలానా వారు నూట పదహార్లు, ఐదువందల పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు అని రాసుకుంటూ పోతారు; పాతకాలంలో అయితే మైకులో చదివేవారు కూడా. పెళ్ళి అయిన మూడో రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ పుస్తకం తిరగేస్తారు. ఆ తర్వాత అది బీరువాలోకి, పొలం దస్తావేజుల పక్కకు చేరుతుంది. రేపు ఆ ఫలానా వారి ఇంటి నుంచి శుభలేఖ వచ్చినప్పుడు, ముహూర్తం ఎప్పుడన్నది చూడకముందే, ఇంటి ఇల్లాలు ఆ పుస్తకం తీసి, 'వాళ్ళు మనకెంత చదివించారో చూడండి' అంటుంది. అంతకు తగ్గకుండా, వీలైతే ఒక మెట్టు పైన, తిరిగి చదివించాలి.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. ఒక మధ్యతరగతి రైతు ఇరవై ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో, చుట్టాల్లో జరిగిన ప్రతి పెళ్ళిలోనూ చదివించుకుంటూ వచ్చి ఉంటాడు. ఆ సొమ్మంతా అతను బయట పెట్టిన బాకీ. అది వసూలయ్యే మార్గం ఒక్కటే: తన ఇంట్లో పెళ్ళి, తాను వేసిన పందిట్లో, తాను పిలిచిన బంధువుల ముందు జరగడం. కూతురు హైదరాబాదులో దండలు మార్చుకుని, స్నేహితులు సంతకాలు చేసిన ధ్రువపత్రం ఫోటో ఒకటి ఇంటికి పంపిందంటే, తండ్రికి పోయింది మాట ఒక్కటే కాదు. డబ్బు సంగతి పైకి చెప్పుకుంటే చిన్నతనం కనుక ఆయన చెప్పడు. మాట పోయిందనే చెబుతాడు.

రెండోది తోబుట్టువుల లెక్క. సంబంధం చూసే మధ్యవర్తి ఇంట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగి అడిగే మొదటి ప్రశ్న, 'పెద్దమ్మాయిని ఎక్కడిచ్చారండీ?' అని. ఆ ప్రశ్నకు ఊరు పేరు, ఇంటిపేరు, ఎకరాలు టకటకా చెప్పగలిగితేనే రెండో అమ్మాయి మాట ముందుకు సాగుతుంది. ఎగువ లాకు దగ్గర తలుపు దించేస్తే దిగువ బోదెల్లోకి నీరు రానట్టే, పెద్దమ్మాయి పెళ్ళి 'అదోలా' జరిగిన ఇంటికి చిన్నమ్మాయి సంబంధాలు రావడం ఆగిపోతుంది. అందుకే మన ఇళ్ళల్లో తల్లులు ప్రయోగించే చివరి అస్త్రం 'మేము చచ్చిపోతాం' అన్నది కాదు. 'చెల్లెలి గతేమిటో ఆలోచించావా?' అన్నది. మొదటిదానికి ఎదురు చెప్పిన అమ్మాయిలను చూశాను, రెండోదానికి చెప్పగలిగినవారు తక్కువ. తల్లి అబద్ధం చెప్పడం లేదు. చెల్లెలి భయం కూడా నిజమైనదే. ఒత్తిడి అంటే కర్రలు పట్టుకుని తిరగడం ఒక్కటే అనుకుంటాం గానీ, అసలైన ఒత్తిడి ఇలా నిజాల రూపంలోనే వస్తుంది.

ఇక పొలం. 1830లలో ఈ జిల్లాలు కరువులతో అల్లాడాయి, 1839లో కోరంగి ఉప్పెన వచ్చింది. 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ డెల్టా తలరాతను మార్చింది. కాటన్ దొరకు మనం ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నది ఊరికే కాదు. నీరు వచ్చింది, వరి వచ్చింది, మిగులు వచ్చింది. మిగులు వచ్చిన చోట సంబంధాలు చూసుకునే తీరు కూడా మారుతుంది. కాలువ కింద ఎకరం ఉన్నవాడు పెళ్ళిళ్ళ విషయంలో వేరే మనిషి అయ్యాడు. పిల్లవాడి విలువను ఎకరాలలో చెప్పడం, ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద పొలం రాయడం మన మాటల్లో స్థిరపడిపోయాయి. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే. ఆ చట్టం తర్వాత కూడా, పెళ్ళి ముహూర్తానికి రెండు రోజుల ముందు తండ్రి తన కూతురికి 'ప్రేమాభిమానములచేత' పొలం రాసిచ్చే దస్తావేజులు నా బల్ల మీదికి మాఘమాసంలో ఎన్ని వచ్చేవో రిజిస్టరు పుటలకు తెలుసు. ప్రేమాభిమానాలు ముహూర్తాల కాలంలోనే ఎందుకు పొంగుతాయని అడిగే అధికారం సబ్ రిజిస్ట్రారుకు లేదు.

పొలం ఉన్నవారి సంగతి ఇది. పొలం చేసేవారి సంగతి వేరు. మన డెల్టాలో భూమి ఒకరిది, సేద్యం మరొకరిది కావడం మామూలు విషయం. ఆసామి రాజమండ్రిలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు, లేదా ఊళ్ళోనే ఉన్నా చేతికి మన్ను అంటకుండా ఉంటాడు. సార్వాకు, అంటే తొలి పంటకు, ఎకరానికి ఇన్ని బస్తాలు, దాళ్వాకు, అంటే రెండో పంటకు, ఇన్ని బస్తాలు అని నోటి మాట. కాగితం ఉండదు. 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలుదారుకు హక్కులు ఇచ్చింది కనుకనే ఆసాములు కాగితం రాయడానికి భయపడ్డారు. 2011లో రుణ అర్హత కార్డులంటూ ఒక చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం పేరుతో 11 నెలల ఒప్పందానికి వీలు కల్పించారు. అయినా సంతకం అనేసరికి చాలామంది ఆసాములు వెనకడుగే వేస్తారు. ఫలితంగా కౌలురైతు బతుకు ఆసామి దయ మీద, ఇద్దరి మధ్య ఉన్న మర్యాద మీద నడుస్తుంది. కాగితం ఉన్న బంధంలో కోపం వస్తే కోర్టుకు వెళ్ళవచ్చు. మర్యాద మీద నడిచే బంధంలో కోపం వస్తే మరుసటి పంటకు పొలం ఉండదు.

ఇక్కడ ఒక ఉదంతం చెబుతాను. ఊరు, మనుషుల ఆనవాళ్ళు మార్చాను.

ఒక ఆసామికి ఎనిమిది ఎకరాల పొలం, ఇంటి వెనుక కొబ్బరి తోట, ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఎనిమిదిలో నాలుగు ఎకరాలను దాదాపు ఇరవై ఏళ్ళుగా ఒకే రైతు కౌలుకు చేస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే కులం. కౌలురైతు కొడుకు ఇంజనీరింగు చదివాడు, ఆసామి పెద్ద కూతురూ అదే కళాశాలలో చదివింది. కాలేజీ బస్సులో మొదలైన స్నేహం హైదరాబాదు ఉద్యోగాల దాకా సాగింది. అబ్బాయి రెండు నెలల జీతం, తండ్రి ఆ నాలుగు ఎకరాలకు ఏడాదంతా కొలిచే కౌలు కంటే ఎక్కువ. ఆదాయమే అంతస్తు అయితే ఈ కథ ఇక్కడితో సుఖాంతం కావాలి.

వారు హైదరాబాదులో ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చారు. ఆ చట్టం ప్రకారం ఇద్దరిలో కనీసం ఒకరైనా ఆ జిల్లాలో అంతకు ముందు 30 రోజులు నివసించి ఉండాలి. నోటీసును కార్యాలయంలో అందరికీ కనిపించేలా అతికించాలి. శాశ్వత నివాసం వేరే చోట ఉంటే అక్కడి వివాహాధికారికి ఒక నకలు పంపాలి, అక్కడా అతికించాలి. 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అలా ఆ నకలు మా కార్యాలయానికి వచ్చింది. మా గుమస్తా దాన్ని బోర్డు మీద అతికించి టీకి వెళ్ళి తిరిగొచ్చేసరికి, అరుగు మీద కూర్చునే దస్తావేజు లేఖరుల్లో ఒకరు ఫోటో తీయడం, అది ఊరి వాట్సాప్ గ్రూపులో పడడం అయిపోయాయి. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆసామి వచ్చారు.

ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా, చేతిలో మోటారు సైకిలు తాళం. కేకలు వేయలేదు. కూర్చోమన్నాను, కూర్చున్నారు. 'ఇది ఆపాలంటే ఏం చెయ్యాలండీ?' అని అడిగారు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకపోతేనో, ఎవరికైనా ముందే పెళ్ళయి ఆ భార్యో భర్తో బతికి ఉంటేనో, మతిస్థిమితం లేకపోతేనో, పెళ్ళి కూడని వరస అయితేనో అభ్యంతరం చెల్లుతుందని, తల్లిదండ్రులకు ఇష్టం లేకపోవడం ఆ జాబితాలో లేదని చెప్పాను. ఆయన కాసేపు తాళం తిప్పుకుంటూ కూర్చుని, ఆ తర్వాత అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. 'కుర్రాడు మంచోడేనండీ. ఒక ఏడాది వాడి ఫీజు నేనే కట్టాను. వాళ్ళ నాన్న ఇరవై ఏళ్ళుగా మా ఇంటికొస్తున్నాడు, ఒక్కరోజు కూడా కుర్చీలో కూర్చోలేదు. నేను కూర్చోవద్దనలేదండీ, వాడే కూర్చోడు. ఇప్పుడు పీటల మీద నేను వాడి కొడుకు కాళ్ళు కడగాలా?'

నేను ముందు చెప్పిన, ఎవరూ చెప్పని సమాధానం ఇదే. మన పెళ్ళి తంతులో వధువు తల్లిదండ్రులు వరుడి కాళ్ళు కడుగుతారు. ఆ తర్వాత రెండు ఇళ్ళవారూ వియ్యాలవారు అవుతారు, వియ్యంకుడికి ఎదురు వెళ్ళి తీసుకురావాలి, ఒక పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించాలి, 'బావగారూ' అని పిలవాలి. 'కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలి' అని సామెత చెప్పేవారు సాధారణంగా ఆస్తులను ఉద్దేశించి చెబుతున్నామనుకుంటారు. ఆస్తి తేడాను నిజానికి మన సమాజం సర్దుకోగలదు; అమెరికా ఉద్యోగం ఉన్న పేదింటి అబ్బాయిని ఎకరాలిచ్చి అల్లుడిగా తెచ్చుకున్న ఇళ్ళు మన డెల్టాలో కొల్లలు. కానీ ఆ పేదింటి అబ్బాయి వేరే ఊరివాడై ఉండాలి. అతని తండ్రి ఎవరి గుమ్మం ముందు నిలబడ్డాడో వీరు చూసి ఉండకూడదు. తమ గుమ్మం ముందే నిలబడ్డవాడి కొడుకైతే ఎంత జీతమైనా చాలదు. పేదరికాన్ని క్షమించగలిగినవారు కూడా, తమ దగ్గర చేసిన ఊడిగాన్ని మరిచిపోలేరు.

ఆ పెళ్ళి జరిగింది. ఆసామి తన స్వార్జితమైన మూడు ఎకరాలనూ వారం తిరక్కముందే చిన్న కూతురి పేర దఖలు రాసేశారు. మిగిలిన ఐదు ఎకరాలు ఆయన తండ్రి నుంచి ఉమ్మడిగా సంక్రమించినవి. వాటి విషయంలో ఆయన కోపం ఆయనకు అనుకున్నంత పనికి రాలేదు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చారు. 2005లో కేంద్ర చట్టమే మారి దేశమంతటా, పెళ్ళయిన కూతుళ్ళకూ ఆ హక్కు వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని మరింత స్పష్టం చేసింది. 'నా మాట వినకపోతే చిల్లిగవ్వ ఇవ్వను' అన్న తండ్రి మాట స్వార్జితానికి చెల్లుతుంది; పిత్రార్జితంలో కూతురి వాటాను తీసేయడానికి చెల్లదు. ఇక్కడున్న ఆడపిల్లలు ఒక విషయం జ్ఞాపకం పెట్టుకోండి. పెళ్ళి హడావుడిలో 'ఊరికే ఒక సంతకం తల్లీ' అని మీ ముందు పెట్టేది తరచుగా హక్కు విడుదల దస్తావేజు, అంటే ఆస్తిలో మీ వాటాను వదులుకుంటున్నట్టు రాసే కాగితం. అది ప్రేమ పెళ్ళి చేసుకున్న అమ్మాయి ముందూ పెడతారు, పెద్దలు కుదిర్చిన పెళ్ళి చేసుకున్న అమ్మాయి ముందూ పెడతారు. చదివి, అర్థమయ్యాక, ఇష్టమైతేనే పెట్టండి. సబ్ రిజిస్ట్రారు 'ఇష్టపూర్వకంగానే రాస్తున్నావా?' అని అడిగినప్పుడు తల ఊపకుండా నోటితో సమాధానం చెప్పండి.

ఈ కథలో అందరికంటే ఎక్కువ నష్టపోయిన మనిషి ఎవరని అడిగితే, నా లెక్క ప్రకారం పెళ్ళికూతురు కాదు, ఆమె తండ్రీ కాదు. కౌలురైతు. ఆ దాళ్వా కోత అయ్యాక ఆయనకు పొలం లేదు. గొడవ లేదు, పంచాయితీ లేదు; 'ఈసారి వేరేవాళ్ళకిచ్చానయ్యా' అన్న ఒక్క మాట. ఆ ఊళ్ళో మరో ఆసామి కూడా ఇవ్వలేదు, ఎందుకంటే ఆసాములందరికీ ఆడపిల్లలున్నారు. 'మా వాడు నా నోటి దగ్గర కూడు లాగేశాడండీ' అని ఆయన నాతో అన్నప్పుడు, కొడుకు నెలనెలా పంపే డబ్బు గురించి గుర్తు చేశాను. 'డబ్బు పంపుతాడండీ, చేను పంపలేడు కదా' అన్నాడు.

ప్రేమ గురించి రాసేవారు, మాట్లాడేవారు పేద ఇంటివైపు ఏ ఒత్తిడీ లేనట్టు, పెద్దింటి తండ్రి ఒక్కడే అడ్డుపడుతున్నట్టు చిత్రిస్తారు. అది అసంపూర్ణం. మన కోనసీమ నుంచి, నర్సాపురం, పాలకొల్లు వైపు నుంచి ఎంతమంది తల్లులు కువైట్, మస్కట్, దుబాయి ఇళ్ళల్లో వంటా పనీ చేయడానికి వెళ్ళారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ తల్లి పంపిన సొమ్ముతో చదువుకున్న కొడుకు మీద ఆ ఇంటి లెక్కలన్నీ ఆధారపడి ఉంటాయి. అతనికి వచ్చే కట్నం అతని చెల్లెలికి ఇవ్వవలసిన కట్నం. అతను కట్నం లేకుండా ఇష్టపడిన అమ్మాయిని చేసుకోవడం ఆదర్శమే. కానీ ఆ ఆదర్శానికి అయ్యే ఖర్చును మస్కట్‌లో తల్లి ఇంకో రెండేళ్ళు ఉండి కట్టవలసి వస్తుంది. కట్నం తప్పని తెలిసిన కుర్రవాడు కూడా ఈ లెక్క దగ్గర తడబడతాడు. అతన్ని పిరికివాడని తీసిపారేయడం నాకు చేతకాదు.

అబ్బాయి పెద్దింటివాడు, అమ్మాయి పేదింటిది అయినప్పుడు కథ మరోలా నడుస్తుంది, ఎక్కువసార్లు పెళ్ళి దాకా రాదు. పెళ్ళి దాకా వస్తే 'కట్నం లేకుండా కోడలిని తెచ్చుకున్నారు, ఎంత గొప్ప మనసో' అని అత్తవారికి పేరు వస్తుంది, ఆ పేరుకు వడ్డీ ఆ కోడలు జీవితాంతం కడుతుంది. రానప్పుడు జరిగేది మీకు తెలుసు. పెద్దల్లో పెడతారు. రచ్చబండ దగ్గర తగువు కూర్చుంటుంది, అమ్మాయి తరఫు వాళ్ళకు ఇంత అని ఒక మొత్తం తేలుస్తారు, కాగితం రాయించి వేలిముద్రలు వేయిస్తారు. రొయ్యల షెడ్డులో పనిచేసే అమ్మాయిని నమ్మించి తిరిగిన ఆసామి కొడుకు, ఆ కాగితం ఎండకముందే మరొకరితో పెళ్ళిపీటల మీద కూర్చుంటాడు. ఆ ఒప్పంద పత్రాలను రిజిస్టరు చేయమని నా దగ్గరికి కూడా తెచ్చిన పెద్దలున్నారు. నేను తిప్పి పంపాను. తీర్పు చెప్పినవారు మంచివారే కావచ్చు, ఊరి గొడవ పోలీసు స్టేషను దాకా పోకూడదనే అనుకొని ఉండవచ్చు. అయినా ఒక ఆడపిల్ల నమ్మకానికి వెల కట్టే అధికారం వారికి ఎవరూ ఇవ్వలేదు. కుటుంబ విలువల గురించి ఇక్కడ మాట్లాడమన్న నిర్వాహకులు ఈ విలువ కట్టే సంగతి కూడా ఉద్దేశించారో లేదో నాకు తెలియదు గానీ, ఇది చెప్పకుండా ఆ మాట ఎత్తడం నాకు ఇష్టం లేదు.

చట్టం ఎంతవరకు సాయపడుతుందంటారా? కొంతవరకు. మేజరైన ఇద్దరు ఇష్టపడి పెళ్ళి చేసుకుంటే వేధించడానికి ఎవరికీ హక్కు లేదని సుప్రీంకోర్టు 2006లో లతాసింగ్ కేసులో చెప్పింది. 2018లో శక్తివాహిని కేసులో కుటుంబం, కులం, పంచాయతీ ఎవరి అనుమతీ అక్కర్లేదని, బెదిరింపులున్న జంటలకు రక్షణ, తలదాచుకునే చోటు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలని ఆదేశించింది. ఇవి పెద్ద మాటలు, విలువైనవి. ప్రాణభయం ఉన్నవారు జిల్లా పోలీసు అధికారిని ఆశ్రయించడానికి వెనకాడకూడదు. ఇక ఆ 30 రోజుల నోటీసు గురించి నా సొంత అభిప్రాయం: రహస్యంగా రెండో పెళ్ళి చేసుకోకుండా ఆపడానికి పెట్టిన ఆ నిబంధన, మండల కేంద్రాల్లో ఇంట్లోవాళ్ళకు పంపిన కబురుగా పనిచేస్తోంది. అందుకే ఇద్దరూ హిందువులైనప్పుడు చాలామంది ఆర్యసమాజంలోనో, అన్నవరం కొండ మీదో పెళ్ళి చేసుకుని, తర్వాత హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకుంటారు. దానికి ఈ నోటీసు గోల లేదు.

చట్టం పెళ్ళి చేయిస్తుంది గానీ, కాపురానికి చుట్టుపక్కల మనుషులు కావాలి. ఈ సంగతి మన గోదావరి ఒడ్డున 140 ఏళ్ళ క్రితమే తేలింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. అది అంతస్తుల గొడవ కాదు, వేరే సమస్య. కానీ ఆ పెళ్ళిని ఆపడానికి ఊరు వాడిన ఆయుధాలు చూడండి. శాస్త్రచర్చలు ఒక పక్క జరిగాయి సరే. అసలు దెబ్బ వంటవాళ్ళు మానేయడం, నీళ్ళు మోసేవాళ్ళు మానేయడం, పిలుపులు ఆగిపోవడం. పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరి నుంచి నీళ్ళు మోసి, తానే వంట చేశారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు డబ్బుతో ఆదుకున్నారు. పంతులు గారి ఉపన్యాసాలను మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం, చదువుకోవలసిందే. ఆ పెళ్ళి నిలబడడానికి మాత్రం ఆ బిందె నీళ్ళూ, ఆ సొమ్మూ కూడా అంతే అవసరమయ్యాయి.

మన కాలంలోనూ వెలి అలాగే పనిచేస్తుంది, పేరే మారింది. శ్రావణమాసం పేరంటానికి పిలవరు. మేనమామ కూతురి ఓణీల ఫంక్షనుకు శుభలేఖ రాదు. ఫోనులో కుటుంబ గ్రూపు నుంచి పేరు తీసేస్తారు. ఇలాంటప్పుడు ఆ జంట ఇంటికి వెళ్ళి భోజనం చేసి వచ్చే ఒక బాబాయి, ఒక పిన్ని దొరికితే చాలా తేడా ఉంటుంది. చుట్టాలు ఎవరూ కదలనప్పుడు ఊరంతా అదే దారి పడుతుంది. ఒకరు కదిలితే, 'వాళ్ళు వెళ్ళారటగా' అనే మాట మిగిలినవారికి సాకుగా దొరుకుతుంది. సాక్షి సంతకాలకు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకొచ్చిన జంటలను నేను చాలా చూశాను. ఆ ముగ్గురిలో ఒక్క బంధువు ఉన్న జంటలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

'మనవడు పుడితే అన్నీ సర్దుకుంటాయి' అని మన పెద్దలు ధైర్యం చెబుతారు. చాలావరకు నిజం. బారసాల నాటికి అమ్మమ్మ మనసు కరుగుతుంది, సంక్రాంతికి అల్లుడికి పిలుపు వెళ్తుంది, పదిరకాల పిండివంటలతో విస్తరి వేస్తారు. అయితే అంతస్తు తేడా ఉన్న చోట ఈ సర్దుబాటు సగంలోనే ఆగిపోతుందని నేను గమనించాను. కూతురు వస్తుంది, అల్లుడు వస్తాడు, మనవడికి మురుగులు చేయిస్తారు. అల్లుడి తల్లిదండ్రులు మాత్రం ఆ ఇంటికి రారు. పిలవరు కాబట్టి రారో, రారు కాబట్టి పిలవరో ఎవరూ తేల్చరు. పండుగకు వచ్చిన కుర్రవాడు మామగారి ఇంట్లో భోగి నాడు తలంటు పోసుకుని, కనుమ నాడు రెండు వీధుల అవతల తండ్రి ఇంటికి నడిచి వెళ్ళి భోజనం చేసి వస్తాడు.

ఆ ఆసామి రెండేళ్ళ క్రితం చిన్న కూతురి దస్తావేజు నకలు కోసం కార్యాలయానికి వస్తూ, బయట టీ కొట్టు దగ్గర నన్ను చూసి ఆగారు. మనవడి ఫోటోలు చూపించారు. 'అల్లుణ్ణి ఒప్పేసుకున్నానండీ, వియ్యంకుడితోనే ఇంకా కుదరడం లేదు' అన్నారు. ఆ నాలుగు ఎకరాలు ఇప్పుడెవరు చేస్తున్నారని అడిగాను. పక్క ఊరి రైతుకు ఇచ్చారట. కాగితం రాశారా అంటే లేదన్నారు. ఆ రైతు కొడుకు కూడా ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయనకూ నవ్వు వచ్చింది.

నాకిచ్చిన సమయం దాటిపోయింది. హక్కు విడుదల గురించి, వాటాల గురించి, కౌలు ఒప్పందం గురించి సందేహాలున్నవారు అడగవచ్చు. అందరి ముందు అడగడం ఇబ్బంది అనుకునేవారి కోసం సభ అయ్యాక పత్రికల గదిలో కూర్చుంటాను.